రెండో పీట

పెద్ద బుడ్డీ ఊదాలంటే ఒక్క మనిషి ఊపిరి చాలదు.

పది లీటర్లు పట్టే గాజుబుడ్డీ అది. ప్రయోగశాలలవాళ్ళు నెలల ముందే చెప్పి పెట్టుకుంటారు. కొలిమిలోంచి ఇనప గొట్టం కొసన గాజు ముద్దను, సీసాలోంచి తేనె చుట్టినట్టు చుట్టి పైకి తీస్తారు. మొదటి ఊపిరి పెద్దమేస్త్రీది. అదే కష్టం. ముద్ద బిగదీసుకుని ఉంటుంది, గాలికి దారివ్వదు. మేస్త్రీ బుగ్గలు పూరించకుండా, పొట్టలోంచి మెల్లగా ఊదుతాడు. లోపల నిమ్మకాయంత బుడగ పుడుతుంది. ఆ బుడగను గుమ్మడికాయంత చెయ్యడం రెండో పీట మీద కూర్చున్న మనిషి పని. మేస్త్రీ నోట్లోంచి తీసిన గొట్టం అతని నోట్లోకి వెళ్ళాలి. మధ్యలో పన్నెండు అంకెలు లెక్కపెట్టే వ్యవధి ఉండదు. నోరు ఆనే చోట ఎవరి ఇత్తడి తొడుగు వాళ్ళు గొట్టానికి తగిలించుకోవాలని ఎప్పుడో ఒక నియమం ఉండేది. అది తగిలించేలోపు గాజు గడ్డకడుతోందని తొడుగుల్ని గోడమేకుకు వేలాడదీశారు. అవి అక్కడే నల్లబడిపోయాయి.

ఆ గాజుశాలలో పాతికమందికి పైగా పనిచేస్తారు. మిగతా బల్లల దగ్గర చేసేవన్నీ చిన్న సరుకులు, ఎవరి గొట్టం వారిదే. రెండు నోళ్ళు కలిసేది పెద్దమేస్త్రీ బల్ల దగ్గరే. ఆయన మొదటి ఊపిరి పోసిన బుడ్డీ పగలదని పేరు. "అంతా మేస్త్రీగారి ఊపిరి చలవ" అనేవాళ్ళు. ఆయన ఆ మాట విననట్టే ఉండేవాడు గానీ, వినేవాడు. అరవై ఒక్కేళ్ళ మనిషి. ముప్ఫై ఎనిమిదేళ్ళ కొలువులో ఒంట్లో బాగోలేదని ఒక్కపూట సెలవు పెట్టింది లేదు.

రెండో పీట మీద పదకొండేళ్ళపాటు ఒకాయన కూర్చున్నాడు. ఊదడానికి ఊదడానికి మధ్య ఏదో ఒకటి గొణుక్కుంటూ పాడుతుండేవాడు కాబట్టి అందరూ ఆయన్ని కూనిరాగం అనేవాళ్ళు. ఒక సోమవారం మధ్యాహ్నం ఆ పాట ఆగిపోయింది. ఏమైందని అడిగితే గొంతు వైపు వేలు చూపించాడు. గురువారానికి మనిషి లేడు. కంఠసర్పి, అదే డిఫ్తీరియా, అన్నారు ఆస్పత్రివాళ్ళు. పేరు వినడమే గానీ ఆ రోగాన్ని కళ్ళారా చూసినవాళ్ళు గాజుశాలలో ఎవరూ లేరు. పూర్వం పసిపిల్లల్ని ఎత్తుకుపోయిన రోగమని మాత్రం తెలుసు. టీకాలు వచ్చాక పోయిందనుకున్నారు.

తర్వాత ఆ పీట మీదికి పొడుగాటాయన వచ్చాడు. పదో రోజుకి ఆయన మెడ ఎద్దు మెడలా వాచింది. ఆయన అదృష్టం, సూది మందు వేళకు దొరికింది. బతికి, కోలుకోవడానికి చెల్లెలింటికి వెళ్ళాడు.

ఒకే పీట, ఇద్దరు మనుషులు. ఇక మాటలు మొదలయ్యాయి. ఆ పీట అచ్చిరాలేదన్నారు కొందరు. తలుపులోంచి వచ్చే ఈదురుగాలి సరిగ్గా అక్కడే కొడుతుందన్నారు మరికొందరు. బల్లను రెండు బారలు లోపలికి జరిపారు. గోడకు సున్నం కొట్టారు. నేలను మందునీళ్ళతో మూడుసార్లు కడిగారు. చివరికి పీటను కాల్చేద్దామన్నారు. పెద్దమేస్త్రీ తనే దాన్ని ఎత్తి కొలిమి నోట్లోకి తోశాడు. తోసేటప్పుడు మంట చెయ్యి నాకింది. అరచెయ్యి అంతా బొబ్బలెక్కి, మూడు వారాలు ఇంట్లో కూర్చోవలసి వచ్చింది.

ఆ మూడు వారాలూ గాజుశాలలో ఎవరికీ గొంతునొప్పి కూడా రాలేదు.

"చూశారా, పీట కాల్చాక పీడ వదిలింది" అన్నారందరూ. ఇంట్లో చేతికి కట్టు కట్టించుకుంటూ ఆ కబురు విని మేస్త్రీ కూడా సంతోషించాడు. చెయ్యి కాలితే కాలింది, పనికొచ్చింది అనుకున్నాడు.

*

ఆయన తిరిగి పనిలోకి వచ్చిన రోజున యజమాని ఒక కొత్త ఏర్పాటు చేసి ఉంచాడు. పొద్దున్నే గుమ్మం దగ్గర అందరి గొంతులూ టార్చిలైటు వేసి చూడాలి. నొప్పి ఉన్నా, ఎరుపు కనిపించినా జీతం కోయకుండా ఇంటికి పంపాలి. చూసే పని పెద్దమేస్త్రీకి అప్పగించాడు. ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పరు కదా.

వరసలో అందరికంటే ముందు ఆయన బావమరిది నిలబడేవాడు. పోయిన భార్యకు తమ్ముడు. చిన్న సీసాల బల్ల దగ్గర పని. ఎత్తుకు తగ్గ లావు, లావుకు తగ్గ నోరు.

"నోరు తెరువు."

"బావా, ముప్ఫయ్యేళ్ళుగా నోరు ముయ్యరా అన్నావు. ఇవాళ తెరవమంటున్నావు. అక్క బతికుంటే ఎంత మురిసిపోయేదో!"

"ఆ అను."

"ఆఁ... ఏం కనిపించింది? నిన్న యజమానిని అనబోయి మింగేసిన మాట ఒకటి ఉండాలి అక్కడ."

"నువ్వు మాట మింగడం కూడానా! పో, పో."

వరసలో నవ్వులు. ఒక్కొక్కరే నోరు తెరిచి, ఆయన తల ఊపగానే లోపలికి వెళ్ళేవాళ్ళు. అందరూ అయ్యాక ఆయన టార్చి ఆర్పి జేబులో పెట్టుకుని తనూ లోపలికి వెళ్ళేవాడు. ఆయన గొంతులోకి టార్చి వేసేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

ఆ వారమే ఆరోగ్యశాఖ నుంచి నర్సమ్మ వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుంటాయి. కళ్ళకింద నిద్రలేమి, చేతిలో నీలం పెట్టె. పెట్టెలో దూది చుట్టిన పొడుగు పుల్లలు, ఒక్కో పుల్లకు ఒక్కో గాజు గొట్టం. ఇప్పుడు పనిలో ఉన్నది పాతికమంది, పుల్లలూ పాతికే. గొంతు వెనక ఆ పుల్లతో రాస్తే వాంతి వచ్చినట్టవుతుంది. ఒక్కొక్కరే కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. చివర ఇద్దరే మిగిలారు. శాల ఊడ్చే ఆవిడ, పెద్దమేస్త్రీ. అందరి పనీ అయ్యాకే తన పని చూసుకోవడం ఆయన అలవాటు.

నర్సమ్మ ఒక పుల్ల బయటికి తీసింది. వేళ్ళు అలిసిపోయి ఉన్నాయేమో, అది జారి నేల మీద పడింది. గాజుపొడి, బూడిద ఉన్న నేల.

"అయ్యో" అంది. పెట్టెలో ఇంకొకటే ఉంది.

"ఆవిడకి తియ్యమ్మా" అన్నాడు మేస్త్రీ. "పాలుతాగే బిడ్డ ఉన్న తల్లి. నాకేం తొందర లేదు."

"మేస్త్రీగారూ, మీరు పెద్దవారు, ముందు మీకే..." అని ఊడ్చే ఆవిడ వెనక్కి తగ్గింది.

"పెద్దవాణ్ణి కాబట్టే చెప్తున్నా. నాకు గొంతులో గరగర కూడా లేదు. రా, కూర్చో."

ఊడ్చే ఆవిడ కూర్చుంది. నర్సమ్మ పెట్టె మూస్తూ, "మీకు రేపొచ్చి తీస్తాను బాబాయ్ గారూ" అంది.

"రామ్మా. నా గొంతు ఎక్కడికీ పారిపోదు."

మర్నాడు నర్సమ్మను వేరే పేటలో జ్వరాల లెక్కకు పంపారు. ఆ పైరోజూ అంతే. మూడో రోజు ఆస్పత్రి నుంచి కాగితం వచ్చింది. పేర్లన్నీ వరసగా ఉన్నాయి, ప్రతి పేరు పక్కనా 'లేదు' అని ఉంది. యజమాని దాన్ని గుమ్మం పక్కన అంటించాడు. అందరూ వచ్చి ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుని, వేలు పెట్టి చూసుకుని, హమ్మయ్య అనుకుని వెళ్ళారు. మొత్తం ఇరవై నాలుగు పేర్లు ఉన్నాయని ఎవరూ గమనించలేదు. చెడ్డ వార్తయితే పదిసార్లు తిరగేస్తారు. మంచి వార్తను ఎవరూ లెక్కపెట్టి చూడరు.

మేస్త్రీ మాత్రం గమనించాడు. తన పేరు లేదు. నర్సమ్మకు కబురు పెడదామా అనుకున్నాడు. కళ్ళకింద నల్లచారలతో ఉన్న ఆ పిల్లను, ఒక్క పుల్ల కోసం ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పడం ఎందుకులే అని ఊరుకున్నాడు.

*

ఇంట్లో కూతురు, మనవరాలు. అల్లుడు ఓడల మీద పనిచేస్తాడు, ఏడాదిలో రెండు నెలలు కూడా ఇంటిపట్టున ఉండడు. కూతురు కుట్టుమిషను ముందు కూర్చుంటే లేవదు. ఆరేళ్ళ మనవరాలికి కాలు ఒకచోట నిలవదు, నోరు ఒక క్షణం ఆగదు. అందుకే పిచ్చుక అని పిలుస్తారు.

సాయంత్రం పాలు తాగించడం తాత వంతు. గ్లాసు అంచున ఊది, మీగడ పక్కకు జరిపి, వేడి చూడడానికి తను ఒక గుక్క తాగి, అప్పుడు ఇవ్వాలి. వాళ్ళమ్మ చల్లార్చి ఇస్తే పిచ్చుక ముట్టదు.

"తాతా, నువ్వు ఊదితేనే తియ్యగా ఉంటాయి."

"ఊదడం నా వృత్తి కదే. ఇంట్లో కూడా వదలవా నన్ను?"

"ఇంకోసారి ఊదు. గట్టిగా."

కూతురు మిషను ఆపి, అలమరలోంచి టీకాల కార్డు తీసింది. కూనిరాగం పోయినప్పటి నుంచి ఆమె మనసు మనసులో లేదు. "నాన్నా, అయిదో ఏట వేయించాల్సింది దీనికి పడనే లేదు. అప్పుడు జలుబు చేసిందని వాయిదా వేశాం, తర్వాత మర్చేపోయాను. శనివారం తీసుకెళ్తాను."

"తీసుకెళ్ళు. తొందరేం లేదులే, మనింట్లో ఎవరికీ ఏమీ లేదుగా" అన్నాడాయన, గ్లాసు మీద ఊదుతూ.

*

మూడు వారాలుగా ఆగిపోయిన పెద్ద బుడ్డీలు ఇక వెంటనే కావాలని కబుర్ల మీద కబుర్లు వచ్చాయి. రెండో పీట ఖాళీ. కొత్త పీటే, సున్నం కొట్టిన గోడే, అయినా అందరూ నేల చూపులు చూస్తున్నారు.

"నేను కూర్చుంటాను" అన్నాడు బావమరిది. "కాల్చేసిన పీట దెయ్యమై వచ్చినా, నా బరువుకి మళ్ళీ చస్తుంది."

మొదటిరోజు ఆరు బుడ్డీలు చేశారు. మూడోరోజుకి పదకొండు. బావమరిదికి ఆయాసం వస్తోందని మేస్త్రీ కనిపెట్టాడు. బయటికి చెప్తే ఒప్పుకోడని, తన వంతు ఊపిరి కాస్త ఎక్కువసేపు ఊది, బుడగను నిమ్మకాయంత కాక బత్తాయంత చేసి అందించడం మొదలుపెట్టాడు. గొట్టం ఆయన నోటి దగ్గర మరి కాసేపు ఉండేది. బావమరిది అందుకునేటప్పటికి దాని మూతి తడిగా ఉండేది.

"బావా, నీ ఊపిరి నాకు అప్పుగా పోస్తున్నావని తెలీదనుకోకు" అన్నాడు బావమరిది.

"మాట్లాడే ఓపిక ఊదడానికి దాచుకో."

అయిదోరోజు పొద్దున్న వరసలో బావమరిది చివర నిలబడ్డాడు. మేస్త్రీకి అదే వింతగా తోచింది. వంతు వచ్చాక జోకు లేదు.

"ఏరా?"

"రాత్రి చల్లనీళ్ళు తాగాను. కాస్త బొంగురు పోయింది, అంతే." ఆ కాస్త మాటా గాలి పోయిన తిత్తిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"నోరు తెరువు."

తెరిచాడు. టార్చి వెలుగు నాలుక దాటి లోపలికి పోయింది. కొండనాలుక పక్కన, రెండువైపులా, బూడిదరంగు పొర. తడిసిన కాగితం ముక్క అతికించినట్టుంది. ఆ వెలుగు పళ్ళ మీదికి, గడ్డం మీదికి, చొక్కా మీదికి జారింది.

"ఏం బావా? ఏం దొరికింది?"

మేస్త్రీ టార్చి ఆర్పి, "పద, ఆస్పత్రికి" అన్నాడు.

*

ఆస్పత్రిలో సూదిమందు వెంటనే ఇచ్చారు. బతుకుతాడనే అన్నారు, అయితే రెండు మూడు వారాలు గుండె మీద కన్నేసి ఉంచాలన్నారు. ఈ రోగం గొంతు వదిలి వెళ్తూ వెళ్తూ గుండెను పట్టుకోవచ్చట. మేస్త్రీని లోపలికి రానివ్వలేదు. ముఖానికి గుడ్డ కట్టించి నడవలో బల్ల మీద కూర్చోబెట్టారు.

నర్సమ్మ వచ్చి పక్కన, ఒక మనిషి పట్టేంత ఎడంగా కూర్చుంది. ఒళ్ళో నోటుపుస్తకం.

"అందరికీ లేదని తేలాక మళ్ళీ ఇదెక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కావట్లేదు బాబాయ్ గారూ. మొదట్నుంచీ చెప్పండి. ఎవరు ఎప్పుడు, ఎక్కడ."

ఆయన చెప్పాడు. కూనిరాగం, పొడుగాటాయన, పీట, సున్నం, కొలిమి. పీట కాల్చాక మూడు వారాలు ఎవరికీ ఏమీ కాలేదన్నాడు.

"ఆ మూడు వారాల్లో ఇంకేం మారింది?"

"ఏం మారలేదమ్మా. చెయ్యి కాలి నేను ఇంట్లో ఉన్నాను. అందుకని పెద్ద బుడ్డీలు ఆపేశారు."

నర్సమ్మ పెన్ను ఆగింది. తల ఎత్తలేదు. పెన్ను ఆగిన చోట సిరాచుక్క పెద్దదవుతోంది. ఆ చుక్కను చూస్తూ మేస్త్రీ తన మాటలు తనే మళ్ళీ విన్నాడు. నేను ఇంట్లో ఉన్నాను. మూడు వారాలు ఎవరికీ ఏమీ కాలేదు. నేను తిరిగి వచ్చాను.

పీటను కాల్చారు. గోడకు సున్నం కొట్టారు. బల్లను జరిపారు. ఆ బల్ల దగ్గర మార్చకుండా ఉంచింది ఒక్కదాన్నే.

"నాకు గొంతునొప్పి లేదమ్మా" అన్నాడు. "ఎప్పుడూ రాలేదు. దగ్గు కూడా లేదు."

"లేకపోవచ్చు" అంది నర్సమ్మ మెల్లగా. "అందరికీ జబ్బు చెయ్యదు బాబాయ్ గారూ. కొందరి గొంతులో అది ఊరికే కాపురముంటుంది. వాళ్ళని ఏమీ చెయ్యదు. జబ్బుపడినవాళ్ళు మంచాన పడి ఉంటారు, వాళ్ళని మనం చూస్తాం, దూరంగా ఉంచుతాం. తిరిగేది జబ్బు లేనివాళ్ళే. పనికెళ్తారు, ఇంటికెళ్తారు. మంచం మీద ఒకరున్నారంటే, బయట తిరిగేవాళ్ళు ఎంతమందో మాకు తెలీదు. గొంతునొప్పి అని వచ్చినవాళ్ళనే వెతుకుతుంటాం."

ఆమె పెట్టెలోంచి పుల్ల తీసింది. ఈసారి రెండు చేతులతో పట్టుకుంది. పుల్ల గొంతు వెనక తగిలినప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది పుల్ల వల్లే అనుకునే వీలు ఇచ్చి ఆమె చూపు పక్కకు తిప్పుకుంది.

"రేపొస్తానన్నది నేను" అంది గొట్టానికి మూత బిగిస్తూ. "రాలేదు."

"నేనూ కబురు పెట్టలేదు తల్లీ. నిన్ను తిప్పడం ఎందుకనుకున్నా." అంతలోనే ఇంకొకటి గుర్తొచ్చింది. "రోజూ పాలు ఊది చల్లార్చి ఇస్తాను, మనవరాలికి. ముందు నేనొక గుక్క తాగి..."

"వయసెంత?"

"ఆరు. అయిదో ఏటి టీకా పడలేదు."

నర్సమ్మ లేచి నిలబడింది. "ఇవాళే మీ ఇంట్లోవాళ్ళ నమూనాలూ తీస్తాను. పాపకి టీకా కూడా ఇవాళే. మీరు ఇంట్లోకి వెళ్ళకండి."

*

మేస్త్రీ, నర్సమ్మ ఆయన వీధి మొదట్లోకి వచ్చేటప్పటికి ఎండ ఇంకా గోడల మీద ఉంది. గేటు కమ్మీల మధ్యనుంచి పిచ్చుక చూడనే చూసింది. "తాతా!" అని గేటు తోసుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఆగు!"

ఆ గొంతుతో ఆయన దాన్ని ఎప్పుడూ అరిచి ఎరగడు. మొదటి ఊపిరి పోసినంత బలంగా వచ్చింది ఆ మాట. పిల్ల నడివీధిలో నిలువునా ఆగిపోయింది. కింది పెదవి వణికింది.

"నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదే. నేనే... నా ముఖం చూడు, గుడ్డ కట్టారు. ఇది ఉన్నన్నాళ్ళూ ముట్టుకోకూడదు. లోపలికి పో. అమ్మను పిలువు."

కూతురు గుమ్మంలోకి వచ్చింది, భుజాన టేపు వేలాడుతోంది. నర్సమ్మ వెళ్ళి ఆమెతో మాట్లాడుతుంటే మేస్త్రీ అవతలి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మాటలు వినిపించలేదు. కూతురి చెయ్యి మాత్రం పిల్ల నుదుటి మీదికి వెళ్ళడం, అక్కడినుంచి మెడ మీదికి దిగడం కనిపించింది. తర్వాత ఆమె తల ఎత్తి వీధి అవతల ఉన్న తండ్రిని చూసింది. ఆ చూపులో కోపం ఉందేమోనని ఆయన భయపడ్డాడు. ఆమె లోపలికి వెళ్ళి దుప్పటి, రెండు జతల బట్టలు, ఆయన కళ్ళజోడు ఒక సంచీలో పెట్టి తెచ్చి వీధి మధ్యలో ఉంచి, వెనక్కి నడిచి వెళ్ళింది.

"టైముకి తిను నాన్నా" అంది గుమ్మంలోంచి.

ఆయన సంచీ తీసుకున్నాడు. దుప్పటి వెచ్చగా ఉంది. ఆరేసిన తీగ మీదినుంచి అప్పుడే తీసినట్టుంది. ఆ వెచ్చదనం చాలింది ఆయనకు, వీధి దాటేదాకా నడవడానికి.

*

మర్నాడు పొద్దున్న గాజుశాల గుమ్మం దగ్గర ఆయన టార్చి పట్టుకోలేదు. వాకిట్లో దూరంగా నిలబడి అందరినీ పిలిచాడు.

"పీట కాదు" అన్నాడు. "గాలి కాదు, గోడ కాదు. నేను. కాగితం ఇంకా రాలేదు, అయినా నాకు తెలుసు. ఆ పీట మీద కూర్చున్న ముగ్గురికీ నా నోట్లోంచే వెళ్ళింది."

ముందు ఊడ్చే ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె వేసిందని పక్కవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. నేల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా తన దగ్గరికి జరిగిన మనుషులు అలా వెనక్కి జరుగుతుంటే, తప్పేం లేదు, జరగాలి, ఇంకా జరగాలి అనుకున్నాడు మనసులో.

"మరి మీరు బాగానే ఉన్నారు కదా మేస్త్రీగారూ?" అడిగాడు కొలిమి చూసుకునే ముసలాయన. అందులో నింద లేదు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు.

"అదే కదయ్యా. బాగానే ఉన్నాను."

శాల వెనక గడ్డి నిలవచేసే గదిలో ఆయన పక్క వేసుకున్నాడు. బుడ్డీలు పగలకుండా చుట్టే ఎండుగడ్డి అది. రెండోరోజుకి కాగితం వచ్చింది. ఆయన పేరు పక్కన 'ఉంది' అని రాసి ఉంది. పద్నాలుగు రోజులు మాత్రలు వేసుకోవాలి, ఆపైన రెండుసార్లు పరీక్ష చెయ్యాలి. అంతవరకు మనిషి మొహం చూడకూడదు. రోజూ తలుపు బయట భోజనం పెట్టి, తలుపు తట్టి వెళ్ళేవాళ్ళు. ఎవరు పెడుతున్నారో ఆయన చూడలేదు. మూడోరోజు గిన్నె పక్కన, పైన పళ్ళెం మూసి, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళు కూడా ఉన్నాయి, పుక్కిలించడానికి. పనికిరాదని తెలిసీ ఆయన పుక్కిలించాడు. పెట్టినవాళ్ళ మాట తీసెయ్యలేక.

*

నాలుగోరోజు మధ్యాహ్నం నర్సమ్మ వచ్చి గది బయట నిలబడింది.

"పిచ్చుకకి?" అన్నాడాయన, లేవకుండానే.

"జ్వరం లేదు. గొంతు శుభ్రంగా ఉంది. పొద్దున్న నా పెట్టె లాక్కుని అందులో బొమ్మను పడుకోబెట్టింది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పొట్టలోంచి ఊపిరి దానంతటది బయటికి వచ్చింది.

"మీ అమ్మాయికి లేదు" అంది నర్సమ్మ. "పాపకి ఉంది."

"ఉంది అంటే... జబ్బా?"

"జబ్బు కాదు. మీకున్నట్టే ఉంది. మాత్రలు మొదలుపెట్టాం, ఆ పిల్లకి భయం లేదు." నోటుపుస్తకం తెరిచింది. "బాబాయ్ గారూ, బడిలో ఎవరెవరితో తిరుగుతుందో అడిగితే నాతో మాట్లాడట్లేదు. తాత వస్తేనే చెప్తానంటోంది. ముఖానికి గుడ్డ కట్టుకుని, వీధి అవతలే నిలబడండి. చాలు."

వెళ్ళారు. కూతురు గేటు వేసి, పిల్లను లోపలి మెట్టు మీద కూర్చోబెట్టింది. నర్సమ్మ గేటు బయట. మేస్త్రీ వీధి అవతల. పిచ్చుక తాతను చూసి చెయ్యి ఊపింది, అలిగానని గుర్తొచ్చి దించేసింది, ఉండబట్టలేక మళ్ళీ ఊపింది. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా మెరుస్తున్నాయి.

"చెప్పు తల్లీ" అన్నాడు ఆయన. "బడిలో నీతో ఎవరెవరు ఉంటారో నర్సమ్మకి చెప్పు."

"అందరూ ఉంటారు."

"నీ పక్కన ఎవరు కూర్చుంటారు?" అడిగింది నర్సమ్మ.

"ఒకరోజు ఒకరు. నా పక్కన కూర్చోడానికి కొట్టుకుంటారు." గర్వంగా తాత వైపు చూసింది. "టీచరు నన్ను మెచ్చుకుంది తాతా! బడిలో కొళాయి పాడైంది కదా, నా సీసా అన్నిటికంటే పెద్దది. దాహం వేసినవాళ్ళందరికీ నేనే ఇస్తున్నా. ఎత్తి తాగమంటే మీద పోసుకుంటున్నారు, అందుకని నోరు పెట్టుకునే తాగమన్నా."

కుట్టుమిషను గదిలో గాలికి గుడ్డ రెపరెపలాడింది. కూతురు గేటు కమ్మీ పట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అడిగింది నర్సమ్మ.

"కొళాయి పాడైనప్పట్నుంచి."

"ఎంతమందికి ఇచ్చావు?"

పిచ్చుక వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. ముందు బెంచీలో ముగ్గురు. కిటికీ దగ్గర అయిదుగురు. పళ్ళూడిన పిల్ల, ఆ పిల్ల చెల్లెలు, చెల్లెలు కింది తరగతిలో ఉంటుంది, అయినా వస్తుంది. పది వేళ్ళూ అయిపోయాయి. మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. నర్సమ్మ పేజీ తిప్పింది.

అప్పుడే వీధి చివర సందడి మొదలైంది. బడి వదిలారు. సంచీలు వీపున ఎగిరెగిరి పడుతుండగా పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చారు. ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చేతులు వేసుకుని, ఒకే మిఠాయి పుల్లను ఇద్దరు చీకుతూ, ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుతూ మేస్త్రీకీ ఇంటికీ మధ్యనుంచి వరదలా సాగిపోతున్నారు. ఆయన గోడకు మరింత అతుక్కుని, ఊపిరి బిగబట్టాడు.

"పిచ్చుకా, రేపొస్తావా?" అరిచింది అందులో ఒక పిల్ల.

"సీసా తెస్తా!" అని అరిచింది పిచ్చుక మెట్టు మీదినుంచి.

వీధంతా కేరింతలు. మేస్త్రీ చెవులు రిక్కించి విన్నాడు, ఒక్కో గొంతునూ విడదీసుకుని విన్నాడు. ఒక్కటీ బొంగురుగా లేదు. ఆ పిల్లల్లో ఒక్కరూ దగ్గడం లేదు.